హెచ్.జి.వెల్స్

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ (1866 సెప్టెంబరు 21 - 1946 ఆగస్టు 13) సుప్రసిద్ధ ఆంగ్ల నవలాకారుడు, కథకుడు, చరిత్ర రచయిత. హెచ్.జి.వెల్స్ అన్న పేరుతోనే లోకానికి పరిచితుడు. ఫ్రాన్సు దేశానికి చెందిన జూల్స్ వెర్న్‌తో పాటు ఇతనిని వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి ఆద్యునిగా పరిగణిస్తారు. కాలంలో వెనుకకూ ముందుకూ ప్రయాణించే యంత్రం, భూమి మీద అంగారక గ్రహవాసుల దండయాత్ర, కంటికి కనబడని మనిషి అనే మూడు ఊహలు ఇతని నవలల ద్వారానే ప్రపంచమంతటా వ్యాపించాయి. యాభై సంవత్సరాల రచనా జీవితంలో వెల్స్ నవలలు, కథలు, చరిత్ర, రాజకీయం, విజ్ఞానశాస్త్రం అన్నీ కలిపి వందకు పైగా పుస్తకాలు వెలువరించాడు.

వృత్తిరీత్యా ఇతడు మొదట బడిపంతులు. రచయితగా పేరు వచ్చిన తరువాత కూడా ఆ ఉపాధ్యాయ లక్షణం ఇతనిని వదలలేదు. మానవజాతికి సరైన చదువు చెప్పగలిగితే యుద్ధమూ దారిద్ర్యమూ తొలగిపోతాయని నమ్మి వేలాది పుటలు వ్రాశాడు. అయితే పాఠకలోకం ఆ పాఠాలను చాలావరకు మరచిపోయింది. మానవుని భవిష్యత్తు మీద గాఢమైన సందేహంతో యౌవనంలో వ్రాసిన నాలుగైదు చిన్న నవలలను మాత్రం నేటికీ చదువుతున్నది.

బాల్యం

వెల్స్ ఇంగ్లండులో కెంట్ ప్రాంతానికి చెందిన బ్రామ్లీ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ వెల్స్ మొదట తోటమాలి, ఆ తరువాత చిన్న దుకాణదారుడు. తల్లి సారా నీల్ వివాహానికి ముందు ఒక జమీందారీ భవనంలో యజమానురాలికి పరిచారిక. బంధువుల నుంచి సంక్రమించిన కొద్దిపాటి సొమ్ముతో కొన్న ఆ దుకాణంలో పింగాణీ పాత్రలు, క్రికెట్ సామగ్రి అమ్మేవారు. ఈ రెండు సరుకులకూ పొంతన లేకపోవడానికి కారణం తండ్రి క్రికెట్ క్రీడాకారుడు కావడమే. జోసెఫ్ వెల్స్ కెంట్ జట్టు తరఫున ఆడుతూ 1862లో ససెక్స్ జట్టు మీద వరుసగా నాలుగు బంతులలో నాలుగు వికెట్లు పడగొట్టాడు. ప్రథమశ్రేణి క్రికెట్‌లో ఈ ఘనత సాధించిన తొలి బౌలర్ అతడే. దుకాణం ఏనాడూ సరిగా సాగలేదు. కుటుంబ పోషణకు క్రికెట్ ద్వారా వచ్చే డబ్బే ముఖ్యాధారంగా ఉండేది.

1874లో, ఏడెనిమిదేళ్ల వయసులో, ఆటలో పైకి ఎగరవేసిన ఒక పెద్దవాడు సరిగా పట్టుకోలేకపోవడంతో క్రింద పడి వెల్స్ కాలు విరిగింది. వారాల తరబడి మంచం మీద ఉండవలసి వచ్చింది. తండ్రి స్థానిక గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. దూరదేశాలు, జంతువులు, చరిత్ర గురించి ఆ మంచం మీదనే చదివాడు. ఆ కాలు విరగడం తన అదృష్టమని వెల్స్ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. అది జరగకపోతే తాను కూడా అన్నల వలెనే బట్టల కొట్టు గుమాస్తాగా అలసి అంతమయ్యేవాడినని అతని అభిప్రాయం.

1877లో తండ్రి తొడ ఎముక విరిగి అతని క్రికెట్ జీవితం ముగిసింది. 1880లో తల్లి పూర్వం పనిచేసిన అప్పార్క్ అనే జమీందారీ భవనంలోనే ఇంటి నిర్వాహకురాలిగా చేరింది. భర్తను వెంట ఉంచుకోవడానికి అక్కడ అనుమతి లేదు. అంతటితో కుటుంబం చెదిరిపోయింది.

అప్పార్క్ భవనం వెల్స్ మీద రెండు విధాలుగా ప్రభావం చూపింది. మొదటిది అక్కడి గ్రంథాలయం. ప్లేటో రచించిన రిపబ్లిక్‌ను, స్విఫ్ట్ రచించిన గలివర్ యాత్రలను వెల్స్ అక్కడే చదివాడు. రెండవది ఆ భవనం క్రింది భాగం. వంటశాల నుంచి ప్రధాన భవనానికి సేవకులు భూగర్భ సొరంగ మార్గాలలో నడిచి ఆహారం చేర్చేవారు. పైన వెలుతురులో ఉండే ప్రభువుల కంట పనివారు పడకుండా చేసిన ఏర్పాటు అది. పదిహేనేళ్ల తరువాత వ్రాసిన కాలయంత్రం నవలలో భూమి పైన విలాసంగా బ్రతికే ఒక జాతి, భూమి లోపల యంత్రాల మధ్య శ్రమించే మరొక జాతి కనిపించడానికి మూలం ఈ సొరంగాలలో ఉన్నదని విమర్శకులు భావిస్తారు.

జవుళి దుకాణం

తల్లి దృష్టిలో జవుళి వ్యాపారం కంటె గౌరవప్రదమైన జీవనోపాధి లేదు. కొడుకులు ముగ్గురినీ ఆ పనిలోనే పెట్టింది. వెల్స్ మొదట విండ్సర్‌లో ఒక దుకాణంలో చేరి కొద్ది నెలలలోనే పనికిరాడని అనిపించుకొని బయటకు వచ్చాడు. కొంతకాలం ఒక పల్లెటూరి బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాడు. మిడ్‌హర్స్ట్‌లో మందుల దుకాణంలో కూడా పనిచేశాడు. ఆ వృత్తికి లాటిన్ అవసరం కావడంతో అక్కడి గ్రామర్ పాఠశాలలో పాఠాలు చెప్పించుకొన్నాడు. ప్రధానోపాధ్యాయుడు హొరేస్ బయట్ ఇతని గ్రహణశక్తిని అప్పుడే గమనించాడు.

1881లో సౌత్‌సీలోని హైడ్ అనే వ్యాపారి జవుళి దుకాణంలో వెల్స్ మళ్లీ శిక్షణకు కుదిరాడు. రోజుకు 13 గంటల పని, ఇతర కుర్రవాళ్లతో కలసి ఒకే గదిలో పడక. రెండు సంవత్సరాలు భరించాడు. తల్లి శిక్షణ రుసుము చెల్లించి ఉండడంతో మానివేయడం అంత సులభం కాదు. 1883లో ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, ఏమీ తినకుండా సుమారు 17 మైళ్లు నడిచి అప్పార్క్ చేరాడు. తాను ఇక ఆ దుకాణంలో ఉండలేనని, బలవంతం చేస్తే ప్రాణాలు తీసుకొంటానని తల్లికి చెప్పాడు. బయట్ తన పాఠశాలలో చదువుకొంటూనే క్రింది తరగతులకు బోధించే ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. తల్లి ఇష్టం లేకపోయినా ఒప్పుకొన్నది. ఈ దుకాణపు అనుభవాలే తరువాత కిప్స్ (1905), ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పాలీ (1910) అనే హాస్యభరిత సాంఘిక నవలలుగా రూపొందాయి. వెల్స్ సాంఘిక నవలలలో ఈ రెండూ మేలైనవి.

హక్స్లీ శిష్యరికం

ఆ కాలంలో విజ్ఞానశాస్త్ర పరీక్షలలో ఉత్తీర్ణులైన విద్యార్థుల సంఖ్యను బట్టి పాఠశాలలకు ప్రభుత్వ గ్రాంటు లభించేది. బయట్ వెల్స్ చేత అనేక పరీక్షలు వ్రాయించాడు. అన్నింటిలోనూ ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైన వెల్స్‌కు 1884లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో ఉపకార వేతనంతో సీటు దొరికింది. ఈ సంస్థే తరువాత ఇంపీరియల్ కళాశాలలో భాగమైంది. వేతనం వారానికి ఒక గినీ. లండన్‌లో అది అర్ధాకలికి మాత్రమే సరిపోయేది.

మొదటి సంవత్సరం జీవశాస్త్రం బోధించినవాడు థామస్ హెన్రీ హక్స్లీ. డార్విన్ పరిణామ సిద్ధాంతానికి నాటి ఇంగ్లండులో అందరికంటె గట్టిగా నిలబడిన వాడు హక్స్లీయే. అప్పటికి అతడు వృద్ధుడు, అనారోగ్యపీడితుడు. అయినా ఆ ఒక్క సంవత్సరం తన జీవితంలోకెల్లా విద్యాపరంగా ఉత్తమమైనదని వెల్స్ జీవితాంతం భావించాడు. పరిణామం ఎప్పుడూ అభివృద్ధి వైపే సాగదని, పరిస్థితులు మారితే జాతులు దిగజారవచ్చునని, నశించిపోవచ్చునని హక్స్లీ బోధించాడు. వెల్స్ తొలి నవలలన్నింటికీ ఈ ఊహే పునాది. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు తన ఆధిక్యం శాశ్వతమని భావిస్తున్న రోజులవి.

హక్స్లీ తరగతి దాటిన తరువాత భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం ఇతనిని ఆకర్షించలేదు. చర్చాగోష్ఠులలో సోషలిజం గురించి వాదించడం, విద్యార్థుల పత్రిక స్థాపించి నడపడం అధికమై చదువు తగ్గింది. 1887లో భూగర్భశాస్త్రం చివరి పరీక్షలో తప్పి, పట్టా లేకుండా బయటకు వచ్చాడు. ఆ పత్రికలోనే 1888లో కాలంలో ప్రయాణించే మనిషి గురించిన అసంపూర్ణ కథ ఒకటి ప్రచురించాడు.

ఉపాధ్యాయ వృత్తి, అనారోగ్యం

వేల్స్ ప్రాంతంలోని ఒక చిన్న ప్రైవేటు పాఠశాలలో చేరిన కొద్దికాలానికే ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బకు ఇతని మూత్రపిండం దెబ్బతిన్నది. ఊపిరితిత్తుల నుంచి రక్తం పడసాగింది. క్షయ అని వైద్యులు అనుమానించారు. కోలుకొన్న తరువాత 1889లో లండన్ కిల్‌బర్న్‌లోని హెన్లీ హౌస్ పాఠశాలలో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడయ్యాడు. తరువాతి కాలంలో విన్నీ ది పూ కథలతో ప్రసిద్ధుడైన ఏ.ఏ.మిల్న్ అక్కడ చదువుకొన్న విద్యార్థి. ఆ పాఠశాలను నడిపినవాడు మిల్న్ తండ్రే. 1890లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి బయటి అభ్యర్థిగా జంతుశాస్త్రంలో బి.ఎస్సీ. పట్టా పొందాడు. తరువాత ఉత్తరాల ద్వారా బోధించే ఒక కళాశాలలో జీవశాస్త్రం బోధించాడు. 1893లో వెలువడిన ఇతని తొలి గ్రంథాలలో ఒకటి నవల కాదు, జీవశాస్త్ర పాఠ్యపుస్తకం.

అదే సంవత్సరం మళ్లీ రక్తస్రావం కావడంతో తరగతి గదిలో నిలబడి బోధించే పని మానుకోవలసి వచ్చింది. కూర్చొని చేయగల పని వ్రాయడమే. పత్రికలకు చిన్న వ్యాసాలు, కథలు వ్రాయడం మొదలుపెట్టాడు. ఆరోగ్యం బాగుంటే వెల్స్ ఒక మంచి ఉపాధ్యాయునిగానే మిగిలిపోయేవాడేమో.

వివాహాలు

1891లో తన పినతండ్రి కుమార్తె వరుసైన ఇసబెల్ మేరీ వెల్స్‌ను వివాహమాడాడు. మూడు సంవత్సరాలకే విడిపోయారు. 1895లో తన పూర్వ విద్యార్థిని ఏమీ కాథరిన్ రాబిన్స్‌ను పెండ్లి చేసుకొన్నాడు. ఆమెను జేన్ అని పిలిచేవాడు. వారికి జార్జ్ ఫిలిప్, ఫ్రాంక్ అని ఇద్దరు కుమారులు. వెల్స్‌కు వివాహేతర సంబంధాలు అనేకం. ఏంబర్ రీవ్స్ ద్వారా ఒక కుమార్తె, రచయిత్రి రెబెకా వెస్ట్ ద్వారా ఒక కుమారుడు కలిగారు. స్త్రీపురుషుల స్వేచ్ఛా సంబంధాలను ఇతడు సిద్ధాంతంగా ప్రచారం చేశాడు గాని, ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించిన వారు ఎక్కువగా స్త్రీలే. జేన్ 1927లో మరణించేవరకు ఇంటి వ్యవహారాలూ వ్రాతప్రతుల పనీ చూసుకొన్నది.

తొలి నవలలు

1895 నుంచి 1898 వరకు గల నాలుగు సంవత్సరాలు వెల్స్ సాహిత్య జీవితంలో అత్యంత ఫలవంతమైనవి. నేటికీ చదువుతున్న ప్రసిద్ధ నవలలు నాలుగు ఆ వ్యవధిలోనే వెలువడ్డాయి.

ది టైమ్ మెషీన్ (1895) డబ్ల్యు.ఇ.హెన్లీ సంపాదకత్వంలోని న్యూ రివ్యూ పత్రికలో ధారావాహికగా వచ్చి, అదే సంవత్సరం పుస్తకమైంది. కాలాన్ని పొడవు, వెడల్పు, ఎత్తులతో పాటు నాలుగవ పరిమాణంగా భావించి, యంత్రం ద్వారా అందులో ప్రయాణించే శాస్త్రజ్ఞుని కథ ఇది. ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం వెలువడడానికి పదేళ్ల ముందు వ్రాసినది. కథానాయకుడు సామాన్య శకం 802701వ సంవత్సరానికి చేరుకొంటాడు. అక్కడ మానవజాతి రెండుగా చీలి ఉంటుంది. సున్నితంగా, బుద్ధిహీనంగా మారిన ఎలాయ్‌లు పైన, చీకటికి అలవాటుపడిన మోర్లాక్‌లు క్రింద నివసిస్తూ ఉంటారు. ధనిక, శ్రామిక వర్గాల సంతానమే కాలక్రమంలో ఇలా మారిందని కథానాయకుడు ఊహిస్తాడు. చివరకు మోర్లాక్‌లకు ఎలాయ్‌లే ఆహారమని తెలుస్తుంది. సూర్యుడు చల్లబడి, సముద్రతీరంలో ప్రాణికోటి దాదాపు అంతరించిన దృశ్యం వరకు కథ సాగుతుంది. యంత్రంతో కాలయానం చేసే కథ ఇతనికంటె ముందు లేకపోలేదు. కాని టైమ్ మెషీన్ అన్న మాటను సృష్టించి, ఆ ఊహను గంభీర సాహిత్య స్థాయికి చేర్చినవాడు వెల్స్.

ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో (1896) జంతువులను శస్త్రచికిత్సతో మనుషులుగా మార్చే శాస్త్రజ్ఞుని కథ. నాటి పాఠకులు దీనిని అసహ్యించుకొన్నారు. ది ఇన్విజిబుల్ మ్యాన్ (1897) నవలలో గ్రిఫిన్ అనే శాస్త్రజ్ఞుడు తన శరీర వక్రీభవన గుణకాన్ని గాలితో సమానం చేసి అదృశ్యుడవుతాడు. మన పురాణాలలో అదృశ్యం కావడం వరం. వెల్స్ దానిని శాపంగా మలచాడు. చలిలో బట్టలు లేకుండా తిరగవలసిన స్థితి, మంచు పడితే బయటపడే ఆకారం, తిన్న ఆహారం అరిగే వరకు లోపల కనబడడం వంటి చిన్న చిన్న ఇబ్బందులను లెక్కగట్టి చూపడంలోనే వెల్స్ ప్రతిభ తెలుస్తుంది. అసాధ్యమైన ఒకే ఒక్క విషయాన్ని పాఠకుని చేత అంగీకరింపజేసి, తక్కిన కథనంతటినీ నిత్యజీవితంలో వలె నడిపించడం ఇతని పద్ధతి.

ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ 1897లో ధారావాహికగా, 1898లో పుస్తకంగా వెలువడింది. అంగారక గ్రహవాసులు మూడు కాళ్ల ఎత్తైన యంత్రాలపై నడుస్తూ, దహన కిరణాలతో, విషవాయువుతో ఇంగ్లండును ధ్వంసం చేస్తారు. వెల్స్ అప్పుడు వోకింగ్ పట్టణంలో నివసిస్తూ, సైకిలు మీద చుట్టుప్రక్కల ఊళ్లు తిరిగి ఏ ఇల్లు ఎక్కడ కూలాలో గుర్తు పెట్టుకొనేవాడు. ఈ నవలకు బీజం వేసినవాడు అన్న ఫ్రాంక్. యూరోపియన్ల రాకతో టాస్మేనియా ఆదివాసులకు పట్టిన గతి గురించి అన్నదమ్ములు మాట్లాడుకొంటూ ఉండగా, ఆకాశం నుంచి ఎవరైనా దిగి మనకూ అదే గతి పట్టిస్తే ఎలా ఉంటుందని అతడు అన్నాడు. ఈ పోలికను వెల్స్ నవల మొదటి అధ్యాయంలోనే స్పష్టంగా ప్రస్తావించాడు. ప్రపంచంలో పెద్ద భాగాన్ని పాలిస్తున్న దేశపు రాజధానిలోనే ప్రజలు మూటాముల్లె సర్దుకొని పారిపోతున్నట్లు చూపించిన నవల ఇది. వలస పాలన అనుభవించిన దేశాల పాఠకులకు ఈ నవల మరొక విధంగా అర్థమవుతుంది. చివరకు ఆ గ్రహవాసులను మానవులు ఓడించలేరు. రోగనిరోధక శక్తి లేనందున భూమి మీది సూక్ష్మజీవుల వలన వారు మరణిస్తారు. జీవశాస్త్ర ఉపాధ్యాయుడు మాత్రమే ఇవ్వగల ముగింపు అది.

ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్ (1901) నవలలో గురుత్వాకర్షణను అడ్డుకొనే కల్పిత పదార్థంతో చంద్రుని చేరతారు. తాను భౌతికశాస్త్ర నియమాలకు లోబడి వ్రాస్తుండగా వెల్స్ లేని పదార్థాన్ని సృష్టిస్తున్నాడని జూల్స్ వెర్న్ ఆక్షేపించాడు. నిజానికి ఇద్దరి లక్ష్యాలు వేరు. వెర్న్ చూపు ప్రయాణం మీద, వెల్స్ చూపు ఆ ప్రయాణం చేసే మనుషుల మీద.

యుద్ధం, అణుబాంబు

వెల్స్ ఊహించిన యుద్ధ సాధనాలు కొన్ని అతని కళ్ల ముందే నిజమయ్యాయి. 1903లో వ్రాసిన ది లాండ్ ఐరన్‌క్లాడ్స్ అనే కథలో ఉక్కు కవచంతో నేల మీద కదిలే యుద్ధ వాహనాలు ఉన్నాయి. బ్రిటిషు సైన్యం 1916లో సోమ్ యుద్ధంలో తొలిసారి ట్యాంకులను వాడింది. ది వార్ ఇన్ ది ఎయిర్ (1908) నవలలో ఆకాశం నుంచి నగరాలపై బాంబులు కురిపించడాన్ని వర్ణించాడు.

వీటన్నింటికంటె ముఖ్యమైనది 1914లో వెలువడిన ది వరల్డ్ సెట్ ఫ్రీ. రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ రేడియంపై వ్రాసిన గ్రంథం చదివి, దాని ఆధారంగా యురేనియం వంటి మూలకాల నుంచి శక్తిని విడుదల చేసే బాంబులను వెల్స్ ఈ నవలలో ఊహించాడు. వాటికి అణుబాంబులు అనే పేరు పెట్టినవాడు కూడా ఇతడే. నవలలోని బాంబులు ఒక్కసారిగా పేలి ఆగిపోవు, రోజుల తరబడి మండుతూనే ఉంటాయి. ఈ వివరం శాస్త్రీయంగా పొరపాటు. అయితే ఈ నవలను హంగేరీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ 1932లో చదివాడు. మరుసటి సంవత్సరం లండన్‌లో న్యూట్రాన్ల గొలుసు చర్య సాధ్యమని అతనికి స్ఫురించింది. ఆ చర్యతో ఏమి జరగగలదో వెల్స్ నవల చదివినందువలన తనకు తెలుసునని సిలార్డ్ చెప్పుకొన్నాడు. ఆ కారణంగానే తన పేటెంటును రహస్యంగా ఉంచడానికి 1936లో బ్రిటిషు నౌకాదళ శాఖకు అప్పగించాడు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాల మీద అణుబాంబులు పడ్డప్పుడు వెల్స్ జీవించే ఉన్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనప్పుడు ఇతడు దానిని సమర్థించాడు. యుద్ధాలన్నింటికీ అంతం పలికే యుద్ధం ఇదేనన్న భావాన్ని ప్రచారంలోకి తెచ్చినది 1914లో ఇతడు వెలువరించిన వ్యాస సంపుటి. ఆ మాట తరువాతి తరాలకు ఎగతాళిగా మారింది. 1916 నాటి మిస్టర్ బ్రిట్లింగ్ సీస్ ఇట్ త్రూ నవలలో యుద్ధం తెచ్చిన పుత్రశోకాన్ని చిత్రించాడు.

రాజకీయాలు

1903లో వెల్స్ ఫేబియన్ సొసైటీలో చేరాడు. బెర్నార్డ్ షా, వెబ్ దంపతులు నడిపిన ఆ సంఘాన్ని పెద్ద ఉద్యమంగా మార్చాలని ప్రయత్నించి, విఫలుడై 1908లో బయటకు వచ్చాడు. 1922, 1923 ఎన్నికలలో లండన్ విశ్వవిద్యాలయం స్థానం నుంచి లేబర్ పార్టీ తరఫున పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయాడు. 1920లో రష్యా వెళ్లి లెనిన్‌ను, 1934లో స్టాలిన్‌ను కలుసుకొన్నాడు. స్టాలిన్ పట్ల అతిగా సానుకూలత చూపాడన్న విమర్శను ఎదుర్కొన్నాడు. ఆ విమర్శలో న్యాయం ఉన్నది. 1930లో జెనీవాలో రవీంద్రనాథ్ టాగూరుతో సంభాషించాడు.

వెల్స్ ఆలోచనలలో తప్పక చెప్పవలసిన లోపం మరొకటి ఉన్నది. 1901లో వెలువరించిన యాంటిసిపేషన్స్ గ్రంథంలో, భవిష్యత్ ప్రపంచంలో బలహీనులకు, శ్వేతేతర జాతులలో అనర్హులుగా భావించిన వారికి చోటు ఉండదని నిర్దయగా వ్రాశాడు. టాస్మేనియా ప్రజల వినాశాన్ని మూడేళ్ల క్రితమే నిరసించిన కలం నుంచి ఈ వాక్యాలు రావడం ఆశ్చర్యం కలిగిస్తుంది. తరువాతి రచనలలో జాతి ఆధిక్య భావాన్ని వ్యతిరేకించాడు. 1940లో మానవ హక్కుల ప్రకటన ఒకటి రూపొందించడంలో ముఖ్యపాత్ర వహించాడు. సాంకీ ప్రకటనగా పిలిచే ఆ పత్రం 1948లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనకు పూర్వరంగంగా నిలిచిన వాటిలో ఒకటి.

అంతర్జాతీయ రచయితల సంఘమైన పెన్ సంస్థకు 1933లో అధ్యక్షుడయ్యాడు. ఆ సంవత్సరమే జర్మనీలో నాజీలు ఇతని పుస్తకాలను తగులబెట్టారు. యూదు రచయితలకు ద్వారాలు మూసిన జర్మన్ శాఖ ఆ సంవత్సరం ఇతని అధ్యక్షతలోనే సంస్థకు దూరమైంది. బ్రిటన్‌ను ఆక్రమిస్తే వెంటనే నిర్బంధించవలసిన వారి పేర్లతో నాజీలు 1940లో తయారు చేసిన జాబితాలో వెల్స్ పేరు ఉన్నట్లు యుద్ధానంతరం వెల్లడైంది.

మధుమేహంతో బాధపడిన వెల్స్, వైద్యుడు ఆర్.డి.లారెన్స్‌తో కలిసి 1934లో మధుమేహ రోగుల సంఘాన్ని స్థాపించాడు. డయాబెటిస్ యూకే పేరుతో ఆ సంస్థ కొనసాగుతున్నది.

లోకానికి పాఠాలు

యుద్ధానికి కారణం ప్రతి దేశమూ తన చరిత్రను మాత్రమే చదువుకోవడమని వెల్స్ నిశ్చయానికి వచ్చాడు. మానవజాతి మొత్తానికీ ఒకే చరిత్ర పుస్తకం ఉండాలని భావించి ది ఔట్‌లైన్ ఆఫ్ హిస్టరీ వ్రాశాడు. 1919 నుంచి భాగాలుగా, 1920లో పుస్తకంగా వెలువడిన ఈ గ్రంథం భూమి పుట్టుకతో మొదలై మొదటి ప్రపంచ యుద్ధం వరకు సాగుతుంది. అందులో బుద్ధునికి, అశోకునికి ప్రముఖ స్థానం ఇచ్చాడు. రాజులందరిలో అశోకుని అత్యున్నతునిగా కీర్తించిన ఆ భాగం భారతదేశంలో విశేషంగా ప్రచారం పొందింది. జవాహర్‌లాల్ నెహ్రూ చెరసాల నుంచి కుమార్తెకు లేఖల రూపంలో వ్రాసిన ప్రపంచ చరిత్రకు ఈ గ్రంథం తోడ్పడింది. కెనడాకు చెందిన ఫ్లోరెన్స్ డీక్స్ తన వ్రాతప్రతి నుంచి వెల్స్ గ్రంథచౌర్యం చేశాడని వేసిన వ్యాజ్యాన్ని న్యాయస్థానాలు కొట్టివేశాయి. అయినప్పటికీ ఆ వివాదంపై పరిశోధకులలో చర్చ పూర్తిగా ఆగలేదు.

చరిత్ర తరువాత జీవశాస్త్రం వంతు వచ్చింది. హక్స్లీ మనుమడు జూలియన్ హక్స్లీ, తన కుమారుడు జార్జ్ ఫిలిప్‌లతో కలసి ది సైన్స్ ఆఫ్ లైఫ్ వెలువరించాడు. 1938లో ప్రచురించిన వరల్డ్ బ్రెయిన్ అనే వ్యాస సంపుటిలో, ప్రపంచ విజ్ఞానాన్నంతా ఒకచోట చేర్చి, ఎప్పటికప్పుడు సవరిస్తూ, మైక్రోఫిలిం ద్వారా ఎక్కడివారికైనా అందజేసే శాశ్వత విజ్ఞాన సర్వస్వాన్ని ప్రతిపాదించాడు. స్వచ్ఛంద రచయితలు కూర్చే అంతర్జాల విజ్ఞాన సర్వస్వాలకు ముందు చూపుగా దీనిని నేడు పేర్కొంటారు. అయితే వెల్స్ ఊహించినది నిపుణుల సంపాదకత్వంలో నడిచేది. ఎవరైనా వచ్చి దిద్దవచ్చునన్న ఆలోచన అతనికి కలగలేదు.

సాహిత్యలోకంలో జోసెఫ్ కాన్రాడ్, హెన్రీ జేమ్స్, ఆర్నాల్డ్ బెన్నెట్ ఇతని మిత్రులు. నవల కళారూపంగా నిలవాలా, సమాజానికి పనికివచ్చే సాధనం కావాలా అన్న విషయమై హెన్రీ జేమ్స్‌తో వాదం పెరిగి, 1915లో జేమ్స్‌ను అవహేళన చేస్తూ వెల్స్ వ్రాసిన బూన్ గ్రంథంతో స్నేహం తెగిపోయింది. జేమ్స్ మరుసటి సంవత్సరమే మరణించాడు. తన నవలలు పాత్రికేయ రచనలేనని వెల్స్ మొండిగా చెప్పేవాడు. 1920 తరువాత వచ్చిన నవలల విషయంలో ఆ మాట నిజమే. వాటిలో పాత్రలు కథను వదిలి ఉపన్యాసాలు ఇస్తాయి.

చివరి రోజులు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లండన్ మీద జర్మన్ విమానాలు బాంబులు వేస్తున్నా వెల్స్ రీజెంట్స్ పార్క్ సమీపంలోని తన ఇల్లు విడిచి వెళ్లలేదు. డెబ్బయి ఏళ్లు దాటిన వయసులో లండన్ విశ్వవిద్యాలయానికి పరిశోధన వ్యాసం సమర్పించి డి.ఎస్సీ. పట్టా పొందాడు. రాయల్ సొసైటీ సభ్యత్వం కావాలన్న కోరిక మాత్రం తీరలేదు. విజ్ఞానశాస్త్రానికి లక్షలాది పాఠకులను తెచ్చిన ఇతనిని శాస్త్రవేత్తలు తమలో ఒకనిగా అంగీకరించలేదు. సాహిత్యంలో నోబెల్ బహుమతికి నాలుగుసార్లు ప్రతిపాదించినా లభించలేదు.

1945లో వెలువడిన చివరి పుస్తకాలలో ఒకటైన మైండ్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ఇట్స్ టెథర్‌లో మానవజాతి కథ ముగింపుకు వచ్చిందని, మరొక జీవి ఈ స్థానం ఆక్రమించవచ్చునని వ్రాశాడు. వ్యాధి, వార్ధక్యం వలన కలిగిన నిరాశగా కొందరు దీనిని త్రోసిపుచ్చారు. కాని యాభై ఏళ్ల క్రితం కాలయంత్రం నవలలో చెప్పినదీ ఇంచుమించు ఇదే. మధ్య కాలంలో వ్రాసిన ఆశావాద గ్రంథాలన్నీ ఆ భయానికి జవాబు వెదకుతూ వ్రాసినవే.

1946 ఆగస్టు 13న లండన్‌లో స్వగృహంలో మరణించాడు. గోల్డర్స్ గ్రీన్‌లో దహన సంస్కారం జరిపి, చితాభస్మాన్ని డార్సెట్ తీరంలోని సముద్రంలో కలిపారు.

ప్రభావం

అమెరికాలో 1926లో ప్రారంభమైన అమేజింగ్ స్టోరీస్ పత్రిక తొలి సంచికలోనే వెల్స్ కథ పునర్ముద్రితమైంది. ఆధునిక రాకెట్టు పితామహులలో ఒకడైన రాబర్ట్ గొడార్డ్ పదహారేళ్ల వయసులో వార్ ఆఫ్ ది వరల్డ్స్ చదివి అంతరిక్ష యానం వైపు ఆకర్షితుడయ్యాడు. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ అనే యువ నటుడు అదే నవలను వార్తా ప్రసారం రూపంలో అమెరికా రేడియోలో నాటకంగా వినిపించాడు. ఇంటిపేర్లు ఒకే విధంగా వినిపించినా ఇద్దరికీ బంధుత్వం లేదు. దేశమంతా భయంతో వీధులలోకి పరుగులు తీసిందని పత్రికలు వ్రాశాయి. ఆ కథనాలలో అతిశయోక్తి అధికమని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

ఇతని నవలల ఆధారంగా వచ్చిన చలనచిత్రాలలో జేమ్స్ వేల్ దర్శకత్వం వహించిన ది ఇన్విజిబుల్ మ్యాన్ (1933), జార్జ్ పాల్ తీసిన ది టైమ్ మెషీన్ (1960), స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన వార్ ఆఫ్ ది వరల్డ్స్ (2005) ప్రసిద్ధమైనవి. తెలుగులో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ఆదిత్య 369 చిత్రానికి ప్రేరణ వెల్స్ కాలయంత్రమే. సింగీతం ఆ నవలను కళాశాల రోజులలో చదివాడు. అయితే ఆ చిత్రంలోని యంత్రం మొదట వెళ్లేది శ్రీకృష్ణదేవరాయల కాలానికి. వెల్స్ కథానాయకుడు గతం వైపు చూడనే లేదు.

చంద్రుని ఆవలి వైపున ఉన్న ఒక బిలానికి వెల్స్ పేరు పెట్టారు. వోకింగ్ పట్టణంలో అంగారక యంత్రం లోహ శిల్పాన్ని నెలకొల్పారు. 2021లో బ్రిటిషు టంకశాల వెల్స్ స్మారకంగా రెండు పౌన్ల నాణెం విడుదల చేసింది. దాని మీద మూడు కాళ్ల యంత్రానికి నాలుగు కాళ్లు చెక్కడంతో అభిమానులు నవ్వుకొన్నారు. భారతదేశంలో రచయిత మరణించిన 60 సంవత్సరాల వరకు గ్రంథస్వామ్య హక్కులు ఉంటాయి. అందువలన వెల్స్ జీవించి ఉండగా ప్రచురించిన రచనలు 2007 జనవరి 1 నుంచి ఇక్కడ ఎవరైనా ముద్రించుకోవడానికి, అనువదించుకోవడానికి అందుబాటులోకి వచ్చాయి.